పేరు రాయని ట్యూబులు

నాకు కోపమెక్కువ. మార్కాపురంలో మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. "శ్యామలమ్మ సిస్టరు డ్యూటీలో ఉంటే అరటితొక్క కూడా కింద పడెయ్యొద్దు" అని పాత పేషెంట్లు కొత్త పేషెంట్లకు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఇరవై మూడేళ్ళుగా పుళ్ళు కడుగుతున్నాను. నవ్వుతూ కడిగితే పుండు తొందరగా మానుతుందని ఎవరైనా రాసిస్తే అప్పుడు నవ్వుతాను.

పుండు నుంచి స్వాబ్ తీయడం చూడ్డానికి చిన్న పనే. పొడుగాటి పుల్ల, దాని చివర దూది, పెట్టి మూసెయ్యడానికి మూతున్న ట్యూబు. కానీ పైన పేరుకున్న చీములో పుల్ల ముంచి తెచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చీము నిన్నటిదో మొన్నటిదో. ముందు సెలైన్‌తో పుండు కడగాలి. లోపలి ఎర్రటి కండ కనబడాలి. అక్కడ పుల్ల ఆనించి, మనిషి మూలిగినా సరే, కాస్త అదిమి తిప్పాలి. అప్పుడే అసలు క్రిమి దొరుకుతుంది. తర్వాత మంచం పక్కనే నిలబడి పేరు, వయసు, నంబరు, ఏ పుండు, ఏ వైపు, తేదీ, టైము చీటీ మీద రాసి ట్యూబుకు అతికించాలి. అతికించాకే పక్క మంచం వైపు చూడాలి.

ఈ మాట కొత్తగా చేరే పిల్లలకు చెవిలో ఇల్లు కట్టుకొని చెబుతాను. ప్రసన్న చేరిన కొత్తలో ఒకసారి పేర్లు రాయని ట్యూబులు రెండు జేబులో వేసుకొని వచ్చింది. ఆ రెంటినీ అక్కడే చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ తీయించాను. ఆ పిల్ల బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది. ఏడవనీ, గుర్తుంటుంది అనుకున్నాను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అందుకని.

మా మగవాళ్ళ వార్డులో మూడో మంచం బ్రహ్మానిది. యాభై నాలుగేళ్ళు. పలకల గనిలో పని. బండ జారి కుడి పాదం మీద పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు నలిగాయి. పసుపు అద్దుకొని పది రోజులు అలాగే పనికి పోయాడు. మా దగ్గరికి వచ్చాక గానీ తనకు షుగరుందని ఆయనకే తెలియదు. నాలుగో మంచం నాగభూషణం గారిది. కంభంలో బట్టల దుకాణం. వీపు మీద చీము పట్టిన రాచకురుపు కోయించుకొని బోర్లా పడుకొని ఉండేవారు. అలా బోర్లా పడుకునే వార్డులో అందరితో కబుర్లు చెప్పేవారు.

ఆ సోమవారం ఇద్దరికీ స్వాబులు తీసి పంపమన్నారు డాక్టరు ఆదినారాయణ గారు. వాటిని పరీక్షించే ల్యాబు ఒంగోల్లో ఉంది. డబ్బా పదకొండు గంటల బస్సుకు ఇవ్వాలి. అది తప్పితే మళ్ళీ మర్నాడే. నేను బ్రహ్మం పుండు కడిగి, పుల్ల తిప్పి, ట్యూబులో పెట్టేసరికి పదిన్నర. నలభై నిమిషాల క్రితమే చెయ్యాల్సిన పని. అప్పటికే చిరాగ్గా ఉన్నాను.

పేషెంటు పేరు పేషెంటు నోటి నుంచే రావాలన్నది రూలు. ఆయనకు జ్వరం నూట మూడు. ఏం అడిగినా "ఊ" తప్ప మాట లేదు. పక్కన ఆయన భార్య గురవమ్మ స్టూలు మీద కూర్చొని ఉంది.

"వదినా, మీ ఆయన పేరేంది?" అన్నాను, చేతిలో పెన్ను పట్టుకొని.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కాయితంలో ఉండాది గదమ్మా."

"ఉంటే ఉండనీ. నోటితో చెప్పాల."

"నేనెట్ల చెప్పేది తల్లీ? మఠం సామి పేరే."

"సామి పేరు రాసి పంపితే ఒంగోల్లో కొబ్బరికాయ కొడతారు. మనిషి పేరు చెప్పు."

వార్డంతా నవ్వింది. నాగభూషణం గారు బోర్లా పడుకునే అందరికంటే గట్టిగా నవ్వారు. గురవమ్మ కూడా సిగ్గుతో నవ్వి తల వంచుకుంది గానీ పెదవి విప్పలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసి ఒక్కసారీ పలకని పేరు, నేను పెన్ను పట్టుకొని నిలబడ్డానని పలుకుతుందా? నాకు ఆ సంగతి తెలియక కాదు. మాది గిద్దలూరు. మా అమ్మ కూడా మా నాయన పేరు ఏనాడూ పలకలేదు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కేసు కాగితాలు రౌండ్సు కోసం వరండా చివర డాక్టరు గారి టేబులు మీదకు పోయాయి. నంబరు కావాలన్నా అక్కడికే పోవాలి. సరే, రెండూ అక్కడే రాసేద్దాం అనుకున్నాను. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి పేరు రాయని ట్యూబును ట్రేలో పెట్టి పక్క మంచానికి కదిలాను.

నాగభూషణం గారు అడక్కముందే ఇంటిపేరు, తండ్రి పేరు, దుకాణం పేరుతో సహా చెప్పారు. ఆయన ట్యూబు కూడా ట్రేలో పడింది. బ్రహ్మానిది ఎడమ వైపు, నాగభూషణానిది కుడి వైపు. మనసులో రెండుసార్లు అనుకున్నాను.

వరండాలోకి రాగానే కుళాయి దగ్గర ఒక ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ట్రే ప్రసన్న చేతిలో పెట్టి పరిగెత్తాను. ఆమెను లేపి, మంచం మీద పడుకోబెట్టి, తలకు తగిలిన దెబ్బ చూసి వచ్చేసరికి పది నిమిషాలైంది. ట్రే డాక్టరు గారి టేబులు మీద ఉంది. ట్యూబులు రెండూ అందులోనే ఉన్నాయి. కానీ ప్రసన్న ట్రేను ఎటు తిప్పి పెట్టిందో! ఎడమ ఏది, కుడి ఏది?

ఆగాను. అబద్ధం చెప్పను, ఆగాను. ఈ రెండూ పారేసి మళ్ళీ తీద్దామా అని కూడా అనిపించింది. డబ్బా తీసుకెళ్ళే మనిషి గుమ్మంలో నిలబడి "టైమయిపోయింది సిస్టరమ్మా, బస్సు కదులుతాది" అంటున్నాడు. నేను నిలబడ్డ వైపు నుంచి చూసి, ఎడమ దాని మీద బ్రహ్మం అని, కుడి దాని మీద నాగభూషణం అని రాశాను. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

గురువారం రిపోర్టులు వచ్చాయి. బ్రహ్మానిది మామూలు క్రిమి, మామూలు మందుకే లొంగుతుంది. నాగభూషణం గారిది మొండిది, రోజుకు మూడుసార్లు పెద్ద ఇంజెక్షన్లు పొడవాలి. ఆ మాట వినగానే ఆయన గర్వంగా పక్క మంచాల వైపు చూశారు. "మా ఇంట్లో అందరం మొండోళ్ళమే, క్రిమి కూడా అట్లనే వచ్చినాది" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

శుక్రవారం, శనివారం, ఆదివారం. బ్రహ్మానికి రిపోర్టు చెప్పిన మందు టైము తప్పకుండా పడింది. నాకు ఆదివారం సెలవు. సోమవారం ఉదయం వచ్చేసరికి ఎరుపు మడమ దాటి పైకి పాకి ఉంది. చిటికెన వేలు నల్లబడింది. పక్కది నల్లబడుతోంది. డాక్టరు గారు వేళ్ళు నొక్కి చూశారు, కాలు పట్టుకొని చూశారు.

"సరైన మందు పడుతున్నా తగ్గలేదంటే కాలికి రక్తం చాలడం లేదని అర్థం. ఇంక ఆగితే ప్రాణానికే ముప్పు. మోకాలి కింద తీసేద్దాం. రేపు పొద్దున" అన్నారు.

బ్రహ్మానికి ఆ రోజు కాస్త తెలివిగా ఉంది. "కాలు తీస్తే నేనేం చేసేది?" అని ఒక్క మాట అడిగాడు. పలక చెక్కేవాళ్ళు కింద కూర్చొని, పలకను కాలివేళ్ళతో అదిమి పట్టి, రెండు చేతులతో చెక్కుతారు. చేతుల పని అని మనమనుకుంటాం. సగం పని కాలిది. గురవమ్మ ఏడవలేదు. వేలిముద్ర వెయ్యాలంటే లేచి, చీర సర్దుకొని, ఎక్కడ వెయ్యాలని అడిగింది.

ఆమెను అటు పంపి, డాక్టరు గారు చూడ్డానికి విప్పిన పాత కట్టు పారెయ్యబోయాను. గాజుగుడ్డ మీద మరక ఆకుపచ్చగా ఉంది. మామూలు పసుపుపచ్చ కాదు, నీలం కలిసిన ఆకుపచ్చ. శనివారం కట్టు మార్చినప్పుడు ఈ రంగు లేదు. వాసన కూడా వేరు, మగ్గిపోయిన పండు వాసనలా తియ్యగా ఉంది. ఈ మరక, ఈ వాసన నాకు ఇరవై మూడేళ్ళుగా తెలుసు. ఇది మొండి క్రిమి గుర్తు. బ్రహ్మం రిపోర్టులో దాని పేరే లేదు.

 లేచి నాలుగో మంచం దగ్గరికి పోయి నాగభూషణం గారి వీపు మీద కట్టు విప్పాను. "ఇంత పొద్దున్నే ఏందమ్మా?" అంటున్నారు ఆయన. అక్కడ చిక్కటి పసుపు చీము. మామూలు క్రిమి పెట్టే మామూలు చీము. ఎక్కడా పచ్చదనం లేదు.

ఇద్దరి మంచాల మధ్య నిలబడిపోయాను.  బ్రహ్మానికి రావలసిన మందు నాగభూషణం గారికి పోతోంది. ఆయనకు అక్కర్లేని ఇంజెక్షన్లు నేనే పొడిచాను. రేపు పొద్దున బ్రహ్మం కాలు తీసేస్తారు. అదీ నా చేతి గుండ్రటి అక్షరాల వల్ల.

డాక్టరు గారి గదికి పోయాను. తలుపు తీసే ఉంది. "సార్, స్వాబులు మారిపోయాయేమో సార్" అన్నాను.

ఆయన తలెత్తారు. "మారిపోయాయేమోనా? మారాయా?"

"మారాయి సార్."

"ఎవరు రాశారు?"

"నేనే సార్."

"నువ్వా? నువ్వెట్ల మార్చావు శ్యామలమ్మా?"

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. ట్రే తిప్పి పెట్టింది ప్రసన్న అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆ పిల్లను తిట్టి ఏడిపించినదాన్ని నేను, ఏ ముఖంతో అంటాను? అందుకని ఆ పిల్ల మీదికి తొయ్యలేదు. ఇంకొకరి మీదికి తోశాను.

"ఆమె పేరు చెప్పలేదు సార్. ఎంత అడిగినా మొగుడి పేరు పలకదు. అందుకే మంచం దగ్గర రాయలేకపోయాను" అన్నాను.

వెనక అలికిడైంది. తిరిగి చూస్తే గురవమ్మ. వేలిముద్ర కాగితం ఇవ్వడానికి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బొటనవేలికి సిరా అలాగే ఉంది. ఆమె నా వైపు చూడలేదు. కాగితం టేబులు మీద పెట్టి వెళ్ళిపోయింది.

డాక్టరు గారు నన్ను తిట్టారు. తిట్టాలి. తర్వాత పని మొదలుపెట్టారు. ఆపరేషను రెండు రోజులు ఆపారు. ఇద్దరికీ మళ్ళీ స్వాబులు తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే మందులు మార్చారు. "మందు మారుస్తున్నామని చెప్పు చాలు. మిగతాది వాళ్ళకు అనవసరం" అన్నారు. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే, ఆ మాట విని నా ప్రాణం లేచొచ్చింది.

బుధవారానికి ఎరుపు మడమ కిందికి దిగింది. జ్వరం తగ్గింది. మోకాలి కింద తియ్యక్కర్లేదు, నల్లబడ్డ రెండు వేళ్ళు తీస్తే చాలన్నారు డాక్టరు గారు. గురువారం ఉదయం తీసేశారు. కాలు నిలిచింది. ఆ మధ్యాహ్నం నేను క్యారియరు విప్పి తృప్తిగా అన్నం తిన్నాను.

తింటుంటే ప్రసన్న వచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, ఆ పెద్దమ్మ మూడు దినాలైంది అన్నం ముట్టక. టీ తాగుతాది, అంతే" అంది.

"ఎందుకు? కాలు నిలబడింది గదా."

"నా నోరే మా ఆయన వేళ్ళు తిన్నాది అంటాది. పేరు చెప్పుంటే మంచి మందు తొలినాడే పడేదంట. అడిగేవాళ్ళు అడిగితే నేను సిగ్గుపడి నవ్వినాను అని గోడకు తల కొట్టుకుంటా ఉండాది."

చేతిలో ముద్ద మళ్ళీ క్యారియరులో పెట్టేశాను. మూడు రోజులుగా నేను ఆమె ముందు నుంచే తిరుగుతున్నాను. బీపీ చూశాను, సెలైన్ మార్చాను. "తిన్నావా వదినా" అని కూడా అడిగాను. "తిన్నానమ్మా" అంది ఆమె. నా తప్పును తన నెత్తిన పెట్టుకొని, నాకు మర్యాదగా జవాబు చెప్పింది. సిగ్గేసింది. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

చెయ్యి కడుక్కొని వార్డుకు పోయాను. గురవమ్మ వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంది. నేనూ కింద కూర్చున్నాను.

"వదినా, నువ్వు పేరు చెప్పకపోవడం వల్ల ఏమీ కాలేదు" అన్నాను.

"నువ్వే గదమ్మా ఆ పొద్దు డాక్టరుకు చెప్పినావు."

"అబద్ధం చెప్పినాను. ఆయన పేరు నాకు ముందే తెలుసు. కాగితం వరండా చివరనే ఉండాది. పోయి తెచ్చుకోలేదు. నీ మీద కోపంతో రాయకుండా వచ్చేసినాను. ఆనక ఏ ట్యూబు ఎవరిదో మర్చిపోయినాను. మళ్ళీ తీయాల. తీయలేదు. తోచినట్టు రాసి పంపించినాను. నీ నోరు కాదు. నా చెయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"అయితే మూడు దినాలు నేను ఊరికే ఏడిచినానా?" అంది.

"ఔ."

"లెయ్. ఈ మాట ఆయన ముందర చెప్పు."

డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. లేచి ఆమె వెనకే నడిచాను.

బ్రహ్మం దిండుకు ఆనుకొని కూర్చొని, కట్టు కట్టిన పాదం వైపు చూసుకుంటున్నాడు. మంచం పక్కన నిలబడి చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. నాగభూషణం గారు పక్క మంచం మీద ఊపిరి బిగబట్టి విన్నారు.  ఆయనకు కూడా చెప్పాను, మీకు అక్కర్లేని ఇంజెక్షన్లు నాలుగు రోజులు పొడిపించానని.

"తొలినాడే సరైన మందు పడుంటే వేళ్ళు నిలిచేవా?" బ్రహ్మం అడిగాడు.

"చిటికెన వేలు పోయేదేమో అన్నా. దాని పక్కది నిలిచేది. అది నా వల్లే పోయింది."

ఆయన పాదం వైపే చూస్తూ ఉన్నాడు. "ఈ బొటనవేలు, ఈ రెండు వేళ్ళతో పలక అదిమితే నిలుస్తాదో నిలవదో ఇంటికి పోయినాక గానీ తెలీదు. నువ్వు చెప్పినావు, మంచిదే. నాకు మాత్రం నీ మీద కోపంగానే ఉండాది" అన్నాడు.

"ఉండనీ అన్నా" అన్నాను.

"వేలు సంగతి సరే. దీన్ని ఎందుకు ఏడిపించినావమ్మా?"

 ఆ సాయంత్రం రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. డాక్టరు గారు చదివి మూసేశారు. అంతకు మించి ఏమవుతుందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు నుంచి గురవమ్మ నన్ను ఆ మంచం దగ్గరికి రానివ్వలేదు. కట్లు ప్రసన్న కట్టింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. కట్టు కాస్త వదులుగా ఉన్నా నోరు మూసుకొని ఊరుకున్నాను. ఆ నాలుగు రోజులూ వార్డులో ఎవరినీ కసరలేదు. పేషెంట్లు భయపడ్డారు, సిస్టరమ్మకు ఒంట్లో బాగాలేదేమోనని.

ఐదో రోజు పుండు నుంచి ఇంకో స్వాబ్ పంపాలన్నారు. ప్రసన్న ట్రే సర్దుకొని వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "నిన్నే రమ్మంటాంది అక్కా."

వెళ్ళాను. గురవమ్మ స్టూలు మీద నుంచి లేచి నిలబడి ఉంది.

"నువ్వే తియ్యి. ఆ పిల్ల కాదు. ఒకసారి తప్పు చేసినదానివి, నీకే భయముంటాది" అంది.

కేసు కాగితం తెచ్చి మంచం మీద పెట్టుకున్నాను. పుండు కడిగాను. కండ ఎర్రగా, శుభ్రంగా ఉంది. పుల్ల అదిమి తిప్పాను. బ్రహ్మం పళ్ళు బిగబట్టాడు గానీ కాలు కదిలించలేదు. ట్యూబు మూత బిగించి, పెన్ను తీశాను.

"నా ముందర రాయి" అంది గురవమ్మ.

"నీకు చదవడం వచ్చునా వదినా?"

"రాదు. అయినా నా ముందరే రాయి. రాసి, చదివి వినిపియ్."

 అక్షరాలు గుండ్రంగా రాలేదు. రాయడం అయ్యాక ట్యూబు ఆమె కళ్ళ ఎదురుగా పట్టుకొని, ఒక్కో మాటా వేలు పెట్టి చదివాను. "బ్రహ్మం. యాభై నాలుగేళ్ళు. మూడో మంచం. కుడి పాదం, వేళ్ళు తీసిన చోట."

ఆమె ట్యూబు వైపు చూసింది, మంచం మీద మనిషి వైపు చూసింది.

"ఔ. ఆయనే" అంది.

ఆ సోమవారం కూడా ఇంతే సరిపోయేది. పేరు నేను చదివి ఉంటే, ఆమె ఔ అని ఉండేది.